ఎక్కంలా చదివితే అత్త కదలదు

కోలారు జిల్లాలో ఇటాలియన్ పాఠాలు చెప్పుకుని బతికానంటే నమ్మేవాళ్లు తక్కువ. అందుకే ఆ భాష నాకెలా వచ్చిందని ఎవరైనా అడిగితే, అడిగిన మనిషిని బట్టి ఒక కథ చెబుతుంటాను. బస్సులో పక్క సీటు వాళ్లకైతే, గనిలో దారి తప్పిన ఇటలీ ఇంజినీరును మా తాత భుజాన వేసుకుని పైకి తెచ్చాడని, ఆయన ఆ రుణం మరిచిపోలేక మా క్వార్టర్స్‌లోనే ఉండిపోయి నాకు అక్షరాలు దిద్దించాడని చెబుతాను. పెళ్లిళ్లలో అయితే పూర్వజన్మ వాసన అంటాను. పెళ్లి భోజనం చేస్తున్నవాళ్లు దేన్నయినా నమ్ముతారు.

అసలు సంగతి అంత రుచిగా ఉండదు. వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసేదాన్ని. మెషిన్లు ఇటలీ నుంచి వచ్చేవి, వాటిని బిగించే మనుషులు కూడా అక్కడి నుంచే వచ్చేవారు. వాళ్లు అడిగే బోల్టు ఏదో తెలిసే మనిషి ఆఫీసులో ఒకరైనా ఉండాలని కంపెనీ నన్ను బెంగళూరు క్లాసులకు పంపింది. బోల్టుల కోసం నేర్చుకున్న భాషతో తర్వాత నర్సులకు పాఠాలు చెప్పాను. ఇప్పుడు మానేశాను. మానేసే వయసు కాదని అందరూ అంటారు. మానేయాల్సిన కారణం వయసులో లేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏ సర్టిఫికెట్ ఎక్కడ తెచ్చుకోవాలో చెప్పడానికి వేరేవాళ్లు ఉన్నారు. క్లాసులో నిజంగా ఏం జరుగుతుందో చెప్పేవాళ్లు లేరు.

ఆ ఒక్క మాట అనొద్దు

మీరు ఇటాలియన్ చెబుతున్నారని తెలియగానే ప్రతి మనిషీ ఒకే మాట అంటాడు: తెలుగు తూర్పు దేశపు ఇటాలియనట కదా, మనవాళ్లకు సులభంగా వచ్చేస్తుంది కదా. కండక్టరు అన్నాడు, పళ్ల డాక్టరు నా నోట్లో చెయ్యి పెట్టి మరీ అన్నాడు. జవాబు చెప్పడానికి కూడా వీల్లేని స్థితిలో ఆ మాట విన్నదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటాను.

వాళ్ల మాటలూ మన మాటలూ అచ్చుతో ముగుస్తాయి. పోలిక అక్కడితో సరి. ఆ పోలికే మన పిల్లల్ని ముంచుతుంది. చదవడం మొదటిరోజే వచ్చేస్తుంది కాబట్టి పలకడం కూడా వచ్చేసిందనుకుంటారు.

మాటను ముక్కలు చెయ్యడంతోనే తగువు మొదలవుతుంది. 'మాట్లాడతాను' అనడానికి వాళ్ల మాట పార్లొ. తెలుగు లిపి అలవాటుతో మనం పా, ర్లొ అని విడదీస్తాం. వాళ్లకు అది పార్, లొ. 'చదువుతాను' అంటే లెగ్గొ. మనకు లె, గ్గొ. వాళ్లకు లెగ్, గొ. సరే, జంట హల్లు కనబడితే మధ్యలో నరికేద్దామని పిల్లలు కత్తి పట్టుకుని కూర్చుంటారు. అప్పుడు 'చాలు' అనే బాస్త వస్తుంది. అక్కడ మాత్రం బా, స్త అని మనలాగే విడదీయాలి, ఎందుకంటే ఆ 'స' ముందుదానితో ఉండదు, తర్వాతిదాని చెయ్యి పట్టుకునే నడుస్తుంది. ఇది చెప్పిన రోజు క్లాసులో సగంమంది నన్ను మోసగత్తెను చూసినట్టు చూస్తారు. దానికి సిద్ధంగా ఉండండి.

దానికన్నా పెద్ద తలనొప్పి బరువు. ప్రతి మాటలోనూ ఒక ముక్క మీద బరువు పడుతుంది. నేను, నువ్వు, వాడు అన్నప్పుడు పార్లొ, పార్లి, పార్ల. బరువు ముందు ముక్క మీదే. మేము, మీరు దగ్గరకు వచ్చేసరికి అది వెనక్కి జరుగుతుంది: పర్లియామొ, పర్లాతె. వాళ్లు దగ్గర మళ్లీ ముందుకు వచ్చేయాలి: పార్లనొ. శ్రీనివాసపురం మండీలో మామిడి ఎత్తుకున్న లారీ మలుపులో పక్కకు ఒరిగినా, మలుపు దాటాక నిటారుగా నిలబడుతుంది కదా, అలాగన్నమాట. మన పిల్లల లారీ ఒరిగింది ఒరిగినట్టే చెన్నై దాకా పోతుంది. పార్లనొ అనరు. పర్లానొ అంటారు.

డైరెక్టర్ గారి సౌండు

నేను పనిచేసిన చోటు రాబర్ట్‌సన్‌పేటలో ఒక బేకరీ మీద మేడ. దాని డైరెక్టరు చౌడప్ప అంతకుముందు టైపు నేర్పించాడు, తర్వాత స్పోకెన్ ఇంగ్లిష్, ఆ తర్వాత ఇటలీలో వృద్ధాశ్రమాలకు నర్సులు కావాలని ఎవరో చెబితే ఇటాలియన్‌కు మారాడు. ఆయనకు ఒక్క అక్షరం రాదు. దాన్ని నేను తప్పుపట్టను. చదువు అంటే సౌండు అని ఆయన నమ్మకం, అదే నా ప్రాణం తీసింది.

"సౌండ్ రావల్ల మేడమ్," అనేవాడు. "కింద బేకరీ దాకా వినపడల్ల. అప్పుడు కదా క్లాసు జరుగుతా ఉండాదని నలుగురికీ తెలిసేది."

అందుకని క్రియారూపాలన్నీ ఎక్కాల్లాగా అందరూ కలిసి చదవాలి. రెండొకట్ల రెండు అన్నట్టే పార్లోఓఓ, పార్లీఈఈ, పార్లాఆఆ. చివరి అచ్చు ఎంత సాగితే అంత శ్రద్ధ. ఆ చివర సాగదీస్తే ఇటాలియన్‌లో అర్థమే మారిపోతుందనీ, నేను మాట్లాడతాను అనాల్సింది వాడెవడో ఎప్పుడో మాట్లాడాడు అయిపోతుందనీ నేను గోల పెట్టేదాన్ని. చౌడప్ప తల ఊపి, తలుపు దగ్గర నిలబడి తాళం వేసేవాడు. కింద బేకరీ ఆయనకు వర్తమాన కాలం మొత్తం కంఠతా వచ్చేసి, బన్నుల ట్రే లాగిన ప్రతిసారీ పర్లియామొ అనేవాడు. ఇది మాత్రం కథ కాదు. సగం నిజం.

మనవాళ్లందరం ఇలాగే చదువుకున్నాం, నేను కూడా. ఇందులో ఉన్న ప్రమాదం మీకే తెలుస్తుంది. ఏడెనిమిదులు ఎంత అని ఎవరైనా అడిగితే, లోపల ఏడొకట్ల ఏడు నుంచి మొదలుపెట్టి పరుగెత్తుకు రావాలి. లెక్కల్లో అది నడుస్తుంది. మంచం మీద ఉన్న ముసలాయన నీళ్లు అడిగితే నడవదు.

గౌనిపల్లి మంజుల

మంజులది గౌనిపల్లి. కోలారులో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసేది. మంచి నర్సు. చేతులు మాట్లాడేవి, నోరు మాత్రం ఎక్కం చదివేది. చౌడప్ప ఆమెతో, సెలెక్షన్ అయిపోయినట్లే, ముందే ఉద్యోగం మానేసి పూర్తిగా చదువు మీద కూర్చో అన్నాడు. ఆ పిల్ల మానేసింది. ఇంట్లో చెప్పేసింది, ఊళ్లో చెప్పేసింది. అంటే ఇక ఇటలీకి పోవాలి, లేకపోతే ఉన్న ఉద్యోగం కూడా లేదు. అడగకుండా ఇలాంటి సలహా ఇచ్చేవాళ్లను ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. అవతల ఇటలీ వృద్ధాశ్రమం తరఫున ఒక సిన్యోరా, అంటే అక్కడ పెద్దావిడను పిలిచే మర్యాద మాట, కళ్లజోడు గొలుసుతో మెడలో వేలాడుతోంది. మీ అమ్మానాన్నలు ఏం చేస్తారని అడిగింది. 'పనిచేస్తారు' అనాలి. లవోరనొ. ఒక్క మాట. మంజుల పైన ఫ్యాను వైపు చూసి, పెదవులు కదుపుతూ నేను నుంచి మొదలుపెట్టింది. మేము దగ్గర ఆగిపోయింది.

ఇక్కడ జరిగింది మన దగ్గర తప్ప ఇంకెక్కడా జరగదు. ఎక్కంలో ఒకరు తప్పితే మిగతావాళ్లు అందించడం మన బళ్లలో మర్యాద. చౌడప్ప బ్యాచ్ మొత్తాన్ని కెమెరా వెనక కూర్చోబెట్టి ఉన్నాడు. మంజుల ఆగిందో లేదో, వాళ్లంతా ప్రేమగా, నిండు గొంతుతో, లవొరాతేఏఏ, లవొరానోఓఓ అని పూర్తి చేసేశారు. అదీ ఒరిగిన లారీతో.

సిన్యోరా కళ్లజోడు పెట్టుకుని తెర దగ్గరకు వచ్చింది. ఇంటర్వ్యూకు ఎంతమంది వచ్చారని నన్ను అడిగింది. చౌడప్ప పిలవకుండానే కెమెరా ముందుకొచ్చి నమస్కారం పెట్టాడు. ఆమె కళ్లజోడు తీసి మళ్లీ మెడలో వేలాడేసుకుంది. ఆఖరికి, ఇంకొక్కసారి చూస్తాను, ఒంటరిగా ఉండాలి, పాఠం వద్దు, ఒక పెద్దావిడను మంచం మీద ఎలా చూసుకుంటుందో చూపించాలి అంది. అదీ కుదరకపోతే వేరే అమ్మాయిని తీసుకుంటామని కూడా అంది.

బయటికి వచ్చాక మంజుల మెట్ల మీద కూర్చుంది. "మొదట్నుంచి చదివితేనే వస్తుంది మేడమ్. నడిమధ్యలో అడిగితే ఏమీ రాదు. నేనేం చేసేది?"

అత్త

పెద్దావిడ మా ఇంట్లోనే ఉంది. మా అత్త రాజమ్మ చిత్తూరు వైపు పల్లె నుంచి గని కార్మికుడి పెళ్లాంగా వచ్చింది. మా మామ షిఫ్టు సైరన్‌కు లేవకపోయినా ఆమె గొంతుకు లేచేవాడంటారు. ఆ గొంతు బంగారుపేట స్టేషన్లో వినపడి ఒకసారి రైలు ఆగిందని నేను చెబుతుంటాను. అటక మీది ఊరగాయ జాడీ తానే దింపుతానని నిచ్చెనెక్కి పడి, తుంటి విరిగి, అప్పటికి మంచం మీద ఉంది. పుండ్లు పడకుండా ఆమెను అటూ ఇటూ తిప్పాలి. తిరగమంటే తిరగదు.

మంజులను రోజూ ఇంటికి పిలిచాను. అత్తకు కూడా ఒక పని అప్పగించాను: ఈ పిల్ల సరిగ్గా చెబితేనే తిరుగు, లేకపోతే తిరగొద్దు. జీవితంలో నేను తీసుకున్న నిర్ణయాలన్నింటిలో దీని ఫలితం నేను ఎక్కువగా అనుభవించాను.

"ఏమే, నన్ను ఇటలీకి ఒప్పజెప్పినావా?" అంది అత్త మొదటిరోజు.

తిరగండి అని మర్యాదగా అనడానికి సి జీరి. బరువు జీ మీద. నేను ఒకసారి పలికి చూపించాను. అత్త విన్నది. మంజుల చేతులు కట్టుకుని మొదలుపెట్టింది: మి జీరోఓఓ, తి జీరీఈఈ, సి జీరాఆఆ. అసలు చిక్కు ఏమిటంటే, ఆజ్ఞాపించే ఆ మాట ఈ ఎక్కంలో లేనే లేదు. తెల్లవారే దాకా చదివినా అది రాదు. అత్త కళ్లు మూసుకుంది.

"ఏందే ఇది? భజన చేస్తా తిప్పేదానికి నేనేమన్నా పోయినానా? ఇంగా టైముండాది."

మా వైపు మనిషి పోయిన ఇంట్లో భజన పెడతారు. అత్తకు ఆ సాగదీత అచ్చం అలాగే వినిపించింది. నేనెంత చెప్పినా ఆమె మనసు మారలేదు. భజన వింటే కదలదు, అంతే. పోనీ నేను తిప్పుదామని వెళ్లి, తిరుగత్తా అని తెలుగులో అంటే, నువ్వు గూడా ఇటలీలోనే చెప్పు అని మంచం కడ్డీ పట్టుకునేది. ఇంట్లో కాఫీ కావాలన్నా, దుప్పటి కావాలన్నా ఇదే తంతు. మా ఆయన కొన్నాళ్లు వరండాలో భోంచేశాడు.

మంజుల అరుస్తుందా అంటే అరవదు. పెద్దవాళ్లను ఏమనగలం మేడమ్ అంటుంది. నేను బల్ల మీద వేళ్లతో తట్టి చూపించాను, మాటను ముక్కలు చేసి బరువున్న చోట గట్టిగా కొట్టాను. ఆ పిల్ల తట్టడం కూడా ఎక్కం తాళంలో నేర్చుకుంది. అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది నాకు.

రెండో ఇంటర్వ్యూ

ఆ రోజు ఫోను మందుల స్టాండుకు ఆనించి పెట్టాను. చౌడప్పను రావద్దని ముందే చెప్పాను. వరండా కిటికీ బయట ఇద్దరు అమ్మాయిలతో నిలబడ్డాడని తర్వాత తెలిసింది. సహాయానికట.

మొదట్లో బాగానే జరిగింది. మంజుల దిండు సర్దింది, నాడి చూసింది, ఒకటి రెండు మాటలు పలికింది. సిన్యోరా తల ఊపింది. ఇప్పుడు ఆవిడను పక్కకు తిప్పి పడుకోబెట్టు, ఏం చేస్తున్నావో ఆవిడతో చెప్పు అంది.

మంజుల కళ్లు ఫ్యాను వైపు పోయాయి. మి జీరో, అంది సన్నగా. తి జీరి.

"మొదులుబెట్టింది," అంది అత్త, కళ్లు మూసుకుని కడ్డీ పట్టుకుంది.

మంజుల చేతులు అత్త భుజం మీద ఆగిపోయి ఉన్నాయి. నేను నోరు తెరిస్తే ఆ పిల్ల పని అయిపోతుంది, తెరవకపోయినా అయిపోయేటట్టే ఉంది. సరిగ్గా అప్పుడు కిటికీ బయటినుంచి ముగ్గురు కలిసి, గుసగుసగా, తాళం తప్పకుండా, సి జీరాఆఆ అని అందించారు.

మంజుల గిరుక్కున తిరిగింది. ఉద్యోగం మానేసినప్పటి నుంచి లోపల దాచుకున్నదంతా ఆ తిరగడంలో ఉంది.

"సార్, మీరు సుమ్నే గమ్మున ఉండండి. మీరు చెప్పింది విని ఈడికి వచ్చినా. ఇంగ చాలు."

అదే ఊపిరిలో అత్త వైపు తిరిగింది. "సిన్యోరా, బాస్త. మి అస్కోల్తి. సి జీరి."

అమ్మా, ఇక చాలు. నా మాట వినండి. తిరగండి. ప్రతి ముక్కా దాని చోట పడింది, ప్రతి బరువూ దాని ముక్క మీద పడింది. 'స' 'త' చెయ్యి పట్టుకునే నడిచింది. లారీ మలుపు దాటి నిటారుగా నిలబడింది. ఇంత విసుగులోనూ మర్యాద రూపం తప్పలేదు, నువ్వు అనలేదు, మీరు అనే అంది. మా అత్త కడ్డీ వదిలేసి, నూనె పెట్టిన తలుపులా పక్కకు తిరిగింది.

"ఇదీ," అంది గోడతో. "ఇట్ల చెప్పల్ల."

తెర మీది సిన్యోరా, కిటికీ వైపు తిరిగి ఏమన్నావని మంజులను అడిగింది. గదిలో గాలి ఆడటం లేదని చెప్పిందండీ అని నేను అనువదించాను. అనువదించకండి, నాకు అర్థమైంది అంది ఆమె. తమ దగ్గర కంచాలు విసిరికొట్టే ఒక ముసలాయన ఉన్నాడట. బతిమాలేవాళ్లు ఉన్నారు, అరిచేవాళ్లూ ఉన్నారు, గౌరవం తగ్గకుండా మందలించేవాళ్లు దొరకడం లేదట. ఈ అమ్మాయిని పంపండి అంది.

అప్పుడు తెలిసింది

ఇన్నేళ్లు పాఠం చెప్పి నేను గమనించనిది ఇదే: చిరాకులో ఎవరూ చివరి అచ్చు సాగదీయరు. విసుగొచ్చిన మనిషి నేను, నువ్వు, వాడు అని మొదటి నుంచి రాడు, నేరుగా కావాల్సిన మాట దగ్గరకే పోతాడు. తెలుగులోనూ అంతే. మీ ఇంట్లో ఎవరినైనా తిరగమని మూడోసారి చెప్పి చూడండి, బరువు ఎక్కడ పడుతుందో.

ఆ తర్వాత నా క్లాసులో ఇద్దరిద్దరిని కూర్చోబెట్టాను. ఒకరు మందు మింగనని మొండికేయాలి, ఇంకొకరు మర్యాదగా విసుక్కోవాలి. క్లాసు చేపల బజారులా ఉండేది. ఉచ్చారణ మాత్రం బాగుపడింది. కొత్తగా వచ్చే టీచర్లకు నేనిచ్చే సలహా ఇదొక్కటే. ముందు వాళ్లకు బేజారు తెప్పించండి. అది మీకు కష్టమేమీ కాదు, పుస్తకాలు సహకరిస్తాయి.

చౌడప్పకు ఈ పద్ధతి చాలా నచ్చింది. ఒక రోజు కాస్త ఆలస్యంగా మెట్లెక్కుతుంటే మేడ మీద నుంచి సౌండు వినపడింది. బ్యాచ్ మొత్తం నిలబడి, చౌడప్ప తాళం వేస్తుండగా, ఏకకంఠంతో విసుక్కుంటోంది: సిన్యోరాఆఆ, బాస్తాఆఆ.

నేను అలాగే మెట్లు దిగి, బేకరీలో ఒక బన్ను తిని, ఇంటికి వచ్చేశాను. మళ్లీ ఎక్కలేదు. గొంతు పోయిందని అందరికీ చెప్పాను.

మంజుల ఆదివారం సాయంత్రాలు ఫోను చేస్తుంది. అక్కడి ముసలివాళ్లు వాళ్ల ఊరి యాసలో మాటల చివర్లు మింగేస్తారట. మీరు నేర్పించిన భాష ఈడ ఎవురూ మాట్లాడరు మేడమ్ అని చెప్పింది. ఇన్నేళ్ల పనికి నాకు దక్కిన సన్మానం అది. కంచాలు విసిరే ముసలాయన మాత్రం ఈమె చేతే తింటాడట, ఇంకెవరు పెట్టినా విసురుతాడట.

నాతో మాట్లాడటం కాగానే అత్త మంచం మీది నుంచే చెయ్యి చాపుతుంది. "ఒగసారి అను పాపా," అంటుంది ఫోనులో.

అవతల కాసేపు నవ్వు వినపడుతుంది. తర్వాత నవ్వు ఆపుకుని, గొంతు సవరించుకుని, కాస్త విసుగు తెచ్చుకుని మంజుల అంటుంది: "సిన్యోరా. సి జీరి."

అత్త ఫోను నా చేతికిచ్చి గోడ వైపు తిరిగి పడుకుంటుంది. ఆమె తుంటి అతుక్కుని చాలా కాలమైంది. మొన్న మళ్లీ నిచ్చెన ఎక్కింది.